దొరికినవాళ్ళ పూచీ ఎవరిది?

2025 నాటికి దేశం నుంచి క్షయను తరిమేస్తామని 2018 మార్చి 13న ఢిల్లీలో ప్రధానమంత్రి ప్రకటించారు. ప్రపంచ దేశాలన్నీ కలిసి పెట్టుకున్న 2030 గడువు కన్నా అది అయిదేళ్ళు ముందు. ఆ 2025 గడువు దాటిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2015లో మన దేశంలో లక్ష జనాభాకు 237 మందికి కొత్తగా క్షయ వచ్చింది. 2024కి ఆ సంఖ్య 187కు తగ్గింది. మరణాలు లక్షకు 28 నుంచి 21కి దిగాయి. ప్రపంచ సగటు కన్నా వేగంగానే తగ్గింది, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ 2025కి చేరాలని రాసుకున్నది లక్షకు 44 కేసులు, 3 మరణాలు. ప్రపంచంలో క్షయ సోకుతున్న ప్రతి నలుగురిలో ఒకరు ఇప్పటికీ మనవాళ్ళే.

ఇక ముందు ఏం చేయాలన్న దగ్గర, ఈ పని చేస్తున్నవాళ్ళ మధ్యే గట్టి తేడా ఉంది. దగ్గు ఉన్నా లేకున్నా ఊరూరా అందరికీ ఎక్స్‌రే తీసి, రోగాన్ని మొదట్లోనే పట్టుకోవాలని కొందరంటారు. ఇప్పటికే పట్టుకున్నవాళ్ళకు మందూ తిండీ సరిగ్గా అందించలేనప్పుడు ఇంకా ఇంకా పట్టుకుంటూ పోవడం లెక్కలు పెంచుకోవడమేనని మరికొందరంటారు. ఆ రెండు వాదాలనూ ఒకే ఇంట్లో కూర్చోబెట్టాను. అత్త టీబీ హెల్త్ విజిటరుగా పనిచేసి రిటైరయింది. మేనల్లుడు కమ్యూనిటీ మెడిసిన్ చదివిన డాక్టరు, ఎక్స్‌రే శిబిరాలతో పల్లెలు తిరుగుతున్నాడు. ఇద్దరిదీ మదనపల్లె. క్షయ గురించి మాట్లాడే హక్కు తెలుగు నేల మీద ముందుగా ఆ ఊరికే ఉందని నా నమ్మకం. ఎందుకో వాళ్ళ మాటల్లోనే వస్తుంది.

డాక్టరు: శిబిరం అనగానే నీకు కోపం ఎందుకొస్తుందో నాకర్థం కాదత్తా. ఇప్పుడొచ్చిన ఎక్స్‌రే మిషన్ చేత్తో పట్టుకునేంత ఉంటుంది. బ్యాటరీ మీద నడుస్తుంది. నిన్న ఒక ఊళ్ళో పంచాయతీ ఆఫీసు వసారాలోనే తీశాం. బొమ్మ పడగానే కంప్యూటరే చూసి ఊపిరితిత్తుల్లో ఎక్కడ అనుమానంగా ఉందో రంగు వేసి చూపిస్తుంది. అనుమానం వచ్చినవాళ్ళ గళ్ల తీసి ట్రూనాట్ పరీక్షకి పంపాం. నీ కాలంలో మైక్రోస్కోపు కింద వెతికేవాళ్ళు. ఒక మిల్లీలీటరు గళ్లలో అయిదు వేలో పది వేలో క్రిములుంటే తప్ప కంటికి ఆనేవి కావు. ఇప్పుడు వందల్లో ఉన్నా దొరికిపోతాయి. రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో కూడా అదే మిషన్లో తేలిపోతుంది. ఇంత చేతికొచ్చాక వాడకుండా ఎట్లా ఉంటాం?

అత్త: వాడు నాయనా. నిన్న దొరికినవాళ్ళ ఇంటికి ఈ పొద్దు ఎవరు పోయినారు?

డాక్టరు: రిపోర్టు వచ్చింది. నిక్షయ్ పోర్టల్‌లో ఎక్కించాం. ఆశా కార్యకర్తకు ఫోన్ చేశాం.

అత్త: ఇంటికి పోయిందెవరని అడిగినా.

డాక్టరు: ఆశ వెళ్తుంది. ముందు నేను చెప్పేది విను. 2019 నుంచి 2021 దాకా దేశమంతా సర్వే చేశారు. పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో లక్షకు 316 మందికి ఊపిరితిత్తుల టీబీ ఉందని పరీక్షల్లో తేలింది. వాళ్ళలో నూటికి 43 మంది దాకా ఎక్స్‌రే తీయబట్టే దొరికారు. దగ్గుందా, సాయంత్రం జ్వరమొస్తోందా, చిక్కిపోయావా అని మనం అడిగే ప్రశ్నలన్నిటికీ వాళ్ళు లేదనే చెప్పారు. ప్రశ్నలతోనే సరిపెట్టి ఉంటే వాళ్ళంతా తప్పిపోయేవాళ్ళు. నువ్వు ఇన్నేళ్ళు దగ్గేవాళ్ళను వెతికావు. దగ్గనివాళ్ళు నీ ఎదురుగానే నడిచి వెళ్ళిపోయారు.

అత్త: దగ్గనివాళ్ళ వల్ల ఊరికి జబ్బు అంటుకునేది తక్కువ గదా?

డాక్టరు: మొన్నటిదాకా అందరం అదే అనుకున్నాం. మామూలుగా ఊపిరి వదిలినా క్రిములు గాల్లోకి వస్తాయని ఈమధ్య పరిశోధనల్లో తేలుతోంది. గాలి ఆడని ఇంట్లో పక్కపక్కన పడుకునేవాళ్ళకు దగ్గే అవసరం లేదు. ఇంకోటి, ఈ రోజు దగ్గనివాడు వచ్చే ఏడాదీ దగ్గకుండా ఉంటాడన్న నమ్మకం ఏముంది? అదే సర్వేలో లక్షణాలు ఉన్నవాళ్ళలోనూ నూటికి 64 మంది ఏ ఆసుపత్రికీ వెళ్ళలేదు. వచ్చినవాళ్ళను బాగా చూసుకోవాలంటావు నువ్వు. రానివాళ్ళ సంగతేంటి?

అత్త: ఎందుకు రాలేదో రాసినారా?

డాక్టరు: రాశారు. ఎక్కువమంది పట్టించుకోలేదట.

అత్త: 'పట్టించుకోలేదు' అని రాసుకుంటే పని అయిపోతుంది. పొద్దున్నే లేచి టమోటా కోతకు పోయే ఆడమనిషి, ఆ పొద్దు కూలి వదులుకుని, బస్సెక్కి టౌనుకొచ్చి, చీటీ రాయించుకుని, గళ్ల డబ్బా తీసుకుని, మళ్ళీ రేపు పొద్దున గళ్లతో రావాల. రెండు కూలీలు. ఆమె పట్టించుకోలేదంటే నేనొప్పుకోను. నేను బెంగుళూరులో నేషనల్ టీబీ ఇన్‌స్టిట్యూట్‌కు ట్రెయినింగుకు పోయినప్పుడు ఒక పాత సంగతి చెప్పినారు. 1960ల మొదట్లో బెనర్జీ, ఆండర్సన్ అని ఇద్దరు తుమకూరు జిల్లా పల్లెల్లో, గళ్లలో క్రిములున్నవాళ్ళను కూర్చోబెట్టి, దీనికోసం ముందే ఎక్కడికైనా పోయినారా అని అడిగినారు. సగం మందికి పైనే ఆసుపత్రికి పోయొచ్చినవాళ్ళు. అక్కడ దగ్గు మందు సీసా చేతిలో పెట్టి పంపేసినారు.

డాక్టరు: అరవై ఏళ్ళ కిందటి మాట అది.

అత్త: ఇప్పుడు సీసా మారింది, అంతే. మొదట ఆరెంపీ దగ్గర రెండు సూదులు, తర్వాత టౌన్లో ఒక క్లినిక్కులో యాంటీబయాటిక్ కోర్సు, ఆ తర్వాత ఇంకో డాక్టరు. తెలిసేసరికి ఇంట్లో రెండు మేకలు అమ్మేసుంటారు. తనంతట తాను గడప తొక్కిన మనిషికి గళ్ల పరీక్ష రాయనివాళ్ళు ఎంతమందో ముందు చూడు. వాళ్ళ కోసం ఎక్స్‌రే మిషన్ మోసుకుని పోనక్కర్లేదు, వాళ్ళే వచ్చి నిలబడినారు.

డాక్టరు: అది నిజం, దాన్ని కాదనను. ప్రైవేటు డాక్టర్లు ప్రతి కేసూ ప్రభుత్వానికి తెలపాలని 2012లోనే ఉత్తర్వు ఇచ్చారు, ఇప్పుడు చాలామంది తెలుపుతున్నారు కూడా. కానీ ఆ పనీ ఈ పనీ ఒకదానికొకటి అడ్డం కాదు గదా. అసలు మన ఊరి చరిత్రే నా పక్కన ఉంది. 1915లో ఆరోగ్యవరంలో సానిటోరియం తెరిచారు. డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోల్లర్ దాన్ని నడిపాడు. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి 1955 దాకా ఆయన కొడుకు యోహానెస్ మన చుట్టుపక్కల పల్లెల్లో అందరికీ ఎక్స్‌రేలు తీయించాడు. లక్షణాలున్నవాళ్ళనే కాదు, ఊరు మొత్తాన్నీ పిలిచి తీశారు. ఆ రోజుల్లో ఆ మిషన్‌ను బండి మీద వేసుకుని ఆ బాటల్లో తిరిగినవాళ్ళు చేయగా లేంది, ఈ రోజు సంచిలో పట్టే మిషన్‌తో మనం చేయలేమా?

అత్త: ఆరోగ్యవరం పేరు ఎత్తినావు కాబట్టి అడుగుతా. ఆ కొండగాలి, ఆ పడకలు, పాలు, గుడ్లు అన్నీ పెట్టి నెలల తరబడి ఉంచుకునేవాళ్ళు. ఆ పద్ధతి ఎందుకు పోయింది?

డాక్టరు: మద్రాసు అధ్యయనం వల్ల. నువ్వే నా దారిలోకి వచ్చావు చూడు. 1956లో మద్రాసులో మొదలుపెట్టి, కొందరు రోగుల్ని సానిటోరియంలో ఉంచి, కొందర్ని వాళ్ళ ఇళ్ళల్లోనే ఉంచి, ఇద్దరికీ అవే మందులు, ఐసోనియాజిడ్, పాస్, ఏడాదిపాటు ఇచ్చారు. ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు పేదవాళ్ళు, ఇరుకు గదులు, తిండి అంతంత మాత్రం. సానిటోరియంలో మంచి భోజనం, విశ్రాంతి. ఏడాది తిరిగేసరికి నయమవడంలో పెద్ద తేడా లేదు. ఇంట్లో ఉంచుకున్నందువల్ల కుటుంబానికి ఎక్కువగా అంటుకోనూ లేదు. ప్రపంచమంతా సానిటోరియంలు మూతపడటానికి ఆ అధ్యయనం పెద్ద కారణం. క్షయను నయం చేసేది మందు, భోజనం కాదు అని తేల్చింది మన పక్క ఊరే. నువ్వు తిండి తిండి అని పట్టుబడుతుంటే నాకు ఆ అధ్యయనమే గుర్తొస్తుంది.

అత్త: ఆ మందులు ఇళ్ళల్లో ఎట్లా మింగించినారో అది కూడా చదివినావా?

డాక్టరు: చదివాను.

అత్త: చెప్పు మరి.

డాక్టరు: హెల్త్ విజిటర్లు ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు. చెప్పకుండా వెళ్ళి బిళ్ళలు లెక్కపెట్టేవాళ్ళు. మూత్రం తీసుకుని మందు పడిందో లేదో పరీక్ష చేసేవాళ్ళు. ఇంట్లోవాళ్ళందరికీ పరీక్షలు చేసేవాళ్ళు.

అత్త: అది నేను చేసిన పని. ఆ అధ్యయనాన్ని చూపించి పడకలు తీసేసినారు, సరే, మంచిదే. పడకల బదులు ఇంటికి పోయే మనిషి ఉండాలన్న సంగతి మాత్రం మెల్లగా మర్చిపోయినారు. ఎర్ర బిళ్ళ వేసుకున్నాక మూత్రం ఎర్రగా వస్తే రక్తం పడుతోందని భయపడి మందు మానేసినోళ్ళ ఇళ్ళకు నేను ఎన్నిసార్లు పోలేదు! రెండో నెలకే దగ్గు తగ్గి, ఒళ్ళు తేలికపడి, ఇంక నయమైపోయిందని బెంగుళూరుకు తాపీ పనికి పోయే మగోళ్ళు. వికారం వస్తోందని, కళ్ళు పచ్చగా అయినాయని మానేసేవాళ్ళు. అటువంటి మనిషితో మాట్లాడాల్సింది ఆ వారంలోనే. పది రోజులు దాటితే మనిషి దొరకడు.

డాక్టరు: బెంగుళూరుకు పోయినా నిక్షయ్‌లో ట్రాన్స్‌ఫర్ చేస్తే అక్కడే మందు దొరుకుతుంది.

అత్త: పోతున్నానని వాడు నీకు చెబితే గదా.

డాక్టరు: సరే, అది ఒప్పుకున్నా. కానీ తిండి మాట తేలలేదు.

అత్త: నువ్వు చదువుకున్నవాడివి, నీకు తెలియకుండా ఉండదు. జార్ఖండ్‌లో బియ్యం పప్పు పంచి చూసినారని పేపర్లో వచ్చింది. ఏం తేలింది?

ఇక్కడ మేనల్లుడు తప్పించుకోలేదు. తన వాదానికి ఎదురొచ్చే సాక్ష్యాన్ని తనే విప్పి చెప్పాడు. అందుకే అతని మాట నేను శ్రద్ధగా విన్నాను.

డాక్టరు: దాని పేరు రేషన్స్ అధ్యయనం. అనురాగ్ భార్గవ, మాధవీ భార్గవ వాళ్ళ బృందం చేసింది. జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో 2,800 మంది రోగులనూ, వాళ్ళ ఇళ్ళల్లోని పదివేల మందికి పైగా మనుషులనూ తీసుకున్నారు. రోగులందరికీ నెల నెలా తిండి సరుకులు. ఇంట్లోవాళ్ళకు మాత్రం సగం ఊళ్ళల్లో బియ్యం, పప్పు, విటమిన్ బిళ్ళలు ఇచ్చారు. తక్కిన సగంలో ఇవ్వలేదు. ఇచ్చిన ఇళ్ళల్లో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే రకమైతే 48 శాతం. 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికల్లో వచ్చింది. రోగుల విషయానికొస్తే, మొదటి రెండు నెలల్లో బరువు అయిదు శాతం పెరిగినవాళ్ళలో చనిపోయే ముప్పు 61 శాతం తక్కువ.

అత్త: ఆ రోగులు ఎంత బరువుండేవాళ్ళో?

డాక్టరు: చాలా తక్కువ. ఎక్కువమంది చిక్కిపోయి ఉన్నారు. మగవాళ్ళు కూడా నలభై, నలభై అయిదు కిలోల దగ్గర.

అత్త: టీకా వేస్తే అంత తగ్గితే దేశమంతా పండగ చేసేవాళ్ళు. బియ్యం, కందిపప్పు అనేసరికి ఎవరికీ నోరు పెగల్లేదు. బీసీజీని మనమెంత నమ్మినాం? అది పెద్దోళ్ళను ఊపిరితిత్తుల టీబీ నుంచి కాపాడలేదని చెంగల్పట్టులో లక్షల మంది మీద చూసి తేల్చినారు గదా. పప్పన్నం కాపాడిందని ఇప్పుడు తేలింది.

డాక్టరు: అత్తా, ఒక్క ప్రశ్న. ఆ సరుకులు ఏ ఇళ్ళకు పంపారు?

అత్త: టీబీ రోగి ఉన్న ఇళ్ళకు.

డాక్టరు: రోగి ఉన్నాడని తెలిసిన ఇళ్ళకు. రోగిని కనిపెట్టకపోతే నీ బియ్యం సంచి ఎవరి గడపలో దించుతావు? నూటికి 43 మందిని వదిలేస్తే, వాళ్ళ భార్యా పిల్లలకూ ముసలి తల్లికీ నీ 39 శాతం లాభం అందదు. జార్ఖండ్ ఫలితం నా శిబిరానికి బలమే. దొరికిన ప్రతి రోగీ నాకు ఒక ఇంటిని చూపిస్తాడు. ఆ ఇంట్లో తిండి ఎవరికి కావాలో, టీబీ రాకుండా ముందే మందు ఎవరికి ఇవ్వాలో తెలుస్తుంది. వారానికొకసారి చొప్పున మూడు నెలలు వేసుకునే మందు ఇప్పుడుంది. అది ఇచ్చే ముందు ఆ మనిషికి అప్పటికే జబ్బు లేదని చూసుకోవాలి. దానికీ ఎక్స్‌రేనే కావాలి.

అత్త: రోగం లేనోడు మూడు నెలలు మందు మింగాలంటే నీ ఫోన్ సరిపోదు. ఇంట్లో కూర్చుని అర్థమయ్యేట్లు చెప్పే మనిషి కావాల.

డాక్టరు: ఊరంతా వెతికితే జబ్బు నిజంగా తగ్గుతుందా అని నీకు అనుమానం. వియత్నాంలో దక్షిణాన కా మావ్ అని ఒక రాష్ట్రం ఉంది. అక్కడ కొన్ని ఊళ్ళల్లో పెద్దవాళ్ళందరికీ, లక్షణాలు అడక్కుండా, ఏటా గళ్ల పరీక్ష చేశారు. నాలుగో ఏట చూస్తే, మామూలుగా వదిలేసిన ఊళ్ళకన్నా ఆ ఊళ్ళల్లో టీబీ 44 శాతం తక్కువ. 2019లో అచ్చయింది. వెతకడం వల్ల జబ్బు తగ్గుతుందని ఇంత స్పష్టంగా అంతకుముందు ఎవరూ చూపించలేదు.

అత్త: ఎన్నేళ్ళు చేసినారు?

డాక్టరు: వరసగా మూడేళ్ళు.

అత్త: అవే ఊళ్ళల్లోనా?

డాక్టరు: అవే ఊళ్ళల్లో.

అత్త: మీదేమో నూరు రోజులు. ఈ పొద్దు ఒక ఊరు, రేపు ఇంకో ఊరు. నిన్నటి ఊరికి మళ్ళీ ఎప్పుడు పోతారు?

డాక్టరు: నూరు రోజుల కార్యక్రమాన్ని 2024 డిసెంబరులో 347 జిల్లాల్లో మొదలుపెట్టి, తర్వాత దేశమంతటికీ విస్తరించారు. ఊరికే ఊరు మీద పడిపోవడం లేదు. అరవై దాటినవాళ్ళు, షుగరున్నవాళ్ళు, ఇంతకుముందు టీబీ వచ్చి తగ్గినవాళ్ళు, రోగి ఇంట్లోవాళ్ళు, బీడీ సారా అలవాటున్నవాళ్ళు, బాగా చిక్కినవాళ్ళు, వీళ్ళను ముందు చూస్తున్నాం. మళ్ళీ ఎప్పుడు వెళ్తామంటే... దానికి నా దగ్గర జవాబు లేదు.

అత్త: అదీ మాట. ఇంకోటి కూడా చెబుతా, మనసులో పెట్టుకోవద్దు. రోజుకు ఇన్ని గళ్లలు పంపాలని పైనుంచి లెక్క పెడితే కిందవాళ్ళు ఏం చేస్తారో నాకు తెలుసు. గళ్ల రాకపోతే ఉమ్మి పోయించుకుని పంపుతారు. ఉమ్మిలో క్రిములుండవు. లెక్క ప్రకారం డబ్బాలు నిండుతాయి. పరీక్షలు ఎక్కువ జరిగినట్లు కనిపిస్తుంది, జబ్బు తక్కువున్నట్లు కనిపిస్తుంది. రెండూ అబద్ధమే. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, లోపలి నుంచి బాగా ఊపిరి తీసి దగ్గి, ఎట్లా తీయాలో చూపించాలంటే ఒక్కో మనిషి దగ్గర కొంచెం సేపు నిలబడాల. పక్కన యాభై మంది క్యూ ఉంటే ఎవరు నిలబడతారు?

ఈ ఒక్క విషయంలో వాళ్ళిద్దరి మధ్య నేను తటస్థంగా ఉండలేను. ఎంతమందికి పరీక్ష చేశామన్నది ఏ కార్యక్రమానికైనా ముందు తెలిసే అంకె, అందంగా పెరిగే అంకె. 2024లో దేశంలో నమోదైన కేసులు 26 లక్షలు దాటాయి. అంతమందిని గుర్తించడం గొప్ప పనే, దాని వెనక వేలమంది కార్యకర్తల శ్రమ ఉంది. కానీ మందు మొదలుపెట్టాక కూడా మనుషులు చనిపోతున్నారు, వాళ్ళలో చాలామంది మొదటి రెండు నెలల్లోనే పోతున్నారు. జబ్బు తెలిసిన రోజున ఆ మనిషి బరువెంత, కాళ్ళకు నీరు పట్టిందా, ఊపిరి ఎంత వేగంగా తీస్తున్నాడు, ఆసరా లేకుండా నిలబడగలడా అన్న నాలుగు సంగతులు చూస్తే, ప్రమాదంలో ఉన్నదెవరో ఆ గదిలోనే తెలిసిపోతుంది. దానికి ఖరీదైన మిషన్ అక్కర్లేదు. పక్కనున్న తమిళనాడు 2022 నుంచి ఇలాంటి పనే చేస్తోంది. క్షయ మరణాలు లేకుండా చేయాలన్నదే ఆ పథకం పేరు. రోగం తేలిన వెంటనే అక్కడి సిబ్బంది ఇలాంటి కొలతలు తీసుకుంటారు, ప్రమాదంలో ఉన్నవాళ్ళను అప్పుడే ఆసుపత్రిలో చేర్చుకుంటారు. మదనపల్లె నుంచి ఆ రాష్ట్రపు సరిహద్దు దూరమేమీ కాదు. ఇది ప్రతి జిల్లాలో ఎందుకు జరగదని నేను గట్టిగా అడుగుతున్నాను.

డాక్టరు: ఉమ్మి డబ్బాల మాట నిజమే. నా శిబిరంలో అది జరగనివ్వను. దానికి శిబిరాలే వద్దంటే మాత్రం...

అత్త: వద్దనడం లేదు. ఇంకో మాట. శిబిరంలో దొరికిన ఆడపిల్ల సంగతి ఏం చేస్తావు? పేరు పిలిచి, ఎక్స్‌రే తీసి, పక్కకు రమ్మని డబ్బా ఇస్తే వసారాలో కూర్చున్న ఊరంతా చూస్తుంది. మరుసటి రోజు మీ జీపు ఆ ఇంటి ముందు ఆగుతుంది. పెళ్ళి కుదిరిన పిల్లయితే అంతే సంగతులు. పెళ్ళయిన పిల్లయితే పుట్టింటికి పంపేస్తారు. మగవాడికి టీబీ వస్తే పెళ్ళాం చేస్తుంది, పెళ్ళానికి వస్తే ఎవరు చేస్తారు? నేను ఇళ్ళకు పోయేటప్పుడు బీపీ మిషన్ ఒకటి సంచిలో పెట్టుకుని పోయేదాన్ని. ముందు పక్కింట్లో ముసలామె బీపీ చూసి, ఆ తర్వాత ఆ ఇంటికి పోయేదాన్ని. వీధికి నేను బీపీ చూసే అమ్మను.

డాక్టరు: అది నేను నేర్చుకోవాల్సిందే. షుగరు, బీపీ, ఎక్స్‌రే మూడూ అందరికీ ఒకే చోట చేస్తే ఎవరు దేనికి వచ్చారో తెలియదు. కానీ అత్తా, గుట్టుగా ఉంచాలన్న పట్టుదలలో ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకపోతే పిల్లలకు అంటుకుంటుంది. నువ్వు ఎంతమంది చేత ఇంట్లో చెప్పించగలిగావు?

అత్త: అందరి చేతా చెప్పించలేకపోయినా. కొందరు అత్తగారికి చెప్పకుండానే ఆర్నెల్లు మందు మింగినారు. బిళ్ళలు బియ్యం డబ్బాలో దాచుకునేవాళ్ళు.

డాక్టరు: ఆ ఇళ్ళల్లో పిల్లలకు ఎక్స్‌రే తీయించలేదు గదా.

అత్త: లేదు.

ఈ జవాబు దగ్గర అత్త చాలాసేపు మాట్లాడలేదు. మేనల్లుడు కూడా ఆ మాటను లాగలేదు, డబ్బు సంగతికి వచ్చాడు.

డాక్టరు: ఇప్పుడు తిండికి డబ్బు ఇస్తున్నారు గదా. 2018 ఏప్రిల్‌లో నెలకు అయిదు వందలతో మొదలైంది. 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. నిక్షయ్ మిత్రలని దాతలు సరుకుల బుట్టలు కూడా ఇస్తున్నారు.

అత్త: వెయ్యి మంచిదే. ఆధార్‌కు బ్యాంకు ఖాతా కలవక, ఖాతా మూతపడిపోయి, పేరులో ఒక అక్షరం తేడా వచ్చి, కోర్సు సగమయ్యాక డబ్బు పడితే ఆ మొదటి రెండు నెలల ఆకలి ఎవరు తీర్చినట్లు? ఇప్పుడే నువ్వు చెప్పినావు, బరువు పెరగాల్సింది ఆ రెండు నెలల్లోనే అని. ఇంక దాతలంటావా. ఫోటో తీసి పెట్టే బుట్ట పుచ్చుకోవడానికి పరువున్న మనిషి రాడు. రేషన్ షాపులో బియ్యం ఎట్లా హక్కో ఇదీ అట్లాగే ఉండాల. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికి.

డాక్టరు: అందరికీ అంటే ఖర్చు.

అత్త: నీ మిషన్లకు కాలేదా ఖర్చు?

డాక్టరు: అయింది. వెయ్యి మందిని చూస్తే ముగ్గురు దొరుకుతారు, సర్వే లెక్కన. తక్కిన 997 మందికి పెట్టిన ఖర్చు దండగని నువ్వంటావని తెలుసు. ఆ ముగ్గుర్ని వదిలేస్తే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. నువ్వు ట్రెయినింగు పొందిన బెంగుళూరు సంస్థే, అప్పట్లో మందులు పల్లెలకు అందకముందు, గళ్లలో క్రిములున్నవాళ్ళను అయిదేళ్ళు గమనించింది. దాదాపు సగం మంది చనిపోయారు. కొందరికి దానంతట అదే తగ్గింది. తక్కినవాళ్ళు అయిదేళ్ళ తర్వాతా క్రిములతోనే ఉన్నారు, ఇంట్లో, పనిలో, బస్సులో. నేను ఆగమంటే ఆగేది ఎక్స్‌రే ఒక్కటే. జబ్బు ఆగదు.

అత్త: దొరికినోడికి మందు లేకపోతే ఆ ముగ్గురికీ జరిగేది కూడా అదే గదా నాయనా. 2024లో మందులు సరిగ్గా రాక, మూడు నెలలకు సరిపడా మీరే కొనుక్కోండని రాష్ట్రాలకు కేంద్రం ఉత్తరం రాసింది గుర్తుందా? నాలుగు మందులు కలిపిన బిళ్ళ రెండు నెలలు, మూడు మందుల బిళ్ళ నాలుగు నెలలు, ఒక్క రోజూ తప్పకుండా మింగమని మనమే చెబుతాం. మధ్యలో మనమే లేదంటే, మందుకు లొంగని టీబీని పుట్టించింది మనమే. ఆ జబ్బుకు బెడాక్విలిన్‌తో కొత్త కోర్సు వచ్చింది, ఆర్నెల్లలో అయిపోతుంది, అన్నీ విన్నా. ముందు మామూలు బిళ్ళ ఆగకుండా ఉండాల గదా.

డాక్టరు: అది నా చేతిలో లేదత్తా.

అత్త: నీ చేతిలో లేదు గాబట్టే చెబుతున్నా. ఏది నీ చేతిలో ఉందో అది సరిగ్గా చెయ్యి. నిన్న ఎంతమంది దొరికినారు?

డాక్టరు: ఇద్దరు. ఒకాయన అరవై దాటినాయన, షుగరు ఉంది, దగ్గు లేదు. ఇంకొకామె నేత పని చేస్తుంది.

అత్త: ఆమె బరువెంత?

డాక్టరు: రాసుకోలేదు.

అత్త: ఇంట్లో పిల్లలెంతమంది?

డాక్టరు: కనుక్కోవాలి.

అత్త: వచ్చే వారం ఎన్ని ఊళ్ళు పెట్టుకున్నావు?

డాక్టరు: ఆరు.

అత్త: మూడు చెయ్యి. తక్కిన మూడు రోజులు దొరికినవాళ్ళ ఇళ్ళకు పో.

డాక్టరు: మూడు చేయను. నేను వెళ్ళని ఊళ్ళో ఆ ముగ్గురూ ఉండి ఉండొచ్చు. ఆరూ చేస్తాను. శిబిరానికి బరువు మిషన్, ఎత్తు చూసే టేపు, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ కూడా తీసుకెళ్తాను. బాగా చిక్కినవాళ్ళను, నిలబడలేనివాళ్ళను ఆ రోజే ఆసుపత్రికి పంపుతాను. తక్కినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళడానికి ఇద్దరు మనుషులు కావాలని పైకి రాస్తాను.

అత్త: రాస్తే వచ్చేదాకా?

డాక్టరు: వచ్చేదాకా సాయంత్రాలు నేనే వెళ్తాను.

అత్త: పొద్దంతా ఊరు తిరిగినోడు సాయంత్రం ఇళ్ళకు పోలేడు, నేను చేసినదాన్ని కాబట్టి చెబుతున్నా. సరే, ఆరే చెయ్యి. ఆసుపత్రికి పంపేవాళ్ళకు పడకలు ఉన్నాయో లేదో మాత్రం ఈ రాత్రికే ఫోన్ చేసి కనుక్కో. అక్కడ పడక లేదని తిప్పి పంపితే, ఆ మనిషి మళ్ళీ నీ శిబిరానికి రాడు, ఆ ఊళ్ళో ఇంకెవర్నీ రానివ్వడు.